పరిహారం గోరంత, బిల్లు కొండంత

2021 అక్టోబరులో నటి సమంత భర్తతో విడిపోయిన సంగతి ముద్దనూరు నుంచి హైదరాబాద్ దాకా అందరి నోళ్లలో నానింది. యూట్యూబ్ చానళ్ల కథనాలపై ఆమె కూకట్‌పల్లి కోర్టుకెక్కారు. ఆ వీడియోలు తీసేయమన్న కోర్టు, సొంత విషయాలు సోషల్ మీడియాలో పెట్టొద్దని ఆమెకూ ఓ మాట చెప్పింది.

మరి ఇలాంటి పరువు దావాల్లో లాయరు ఖర్చెవరిది? సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఓడినవాళ్లదే. కాగితం మీద బాగానే ఉంది! కోర్టు ఇప్పించేది చాలాసార్లు అసలు ఖర్చులో ఓ మూలకే సరిపోతుంది. పనిగట్టుకుని వేసిన అబద్ధపు దావాకైనా, 35-ఎ కింద పరిహారం 3,000 రూపాయలు దాటదు.

లండన్‌లో కథ వేరు. మత్తు అలవాటు మానేవాళ్ల సమావేశం నుంచి వస్తున్న మోడల్ నవోమీ కాంప్‌బెల్ ఫొటోను 2001లో మిర్రర్ పత్రిక చాటుగా తీయించి అచ్చేసింది. ఆమె దావా వేసి, 2004లో అప్పటి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచింది. పరిహారం 3,500 పౌండ్లు. పత్రిక చేతికొచ్చిన ఖర్చుల బిల్లు మాత్రం 10 లక్షల పౌండ్ల పైమాటే! అందులో గెలిచినందుకు లాయర్లకిచ్చే అదనపు ఫీజూ ఉంది. తీర్పు సబబే గానీ, ఆ అదనపు ఫీజు భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని 2011లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.

మన దగ్గర గెలుపును బట్టి ఫీజు కుదుర్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పరువు దావా వేయదలిస్తే, లాయరుతో ఫీజు సంగతి ముందే మాట్లాడుకోండి.