వెస్సంతరుని బిడ్డల పక్షం



మా ఆదివారపు తరగతిలో 13 నుండి 16 ఏండ్ల బాలబాలికలకు ప్రాచీన సాహిత్యాన్ని వాదప్రతివాదాల ద్వారా ఎట్లు బోధిస్తున్నామో చెప్పుమని నిర్వాహకులు కోరారు. తొలి రోజులలో మేము పాఠం చదివించాము, సారాంశం రాయించాము, చివర నీతి చెప్పించాము. పిల్లలు అన్నింటికీ తల ఊపారు. మన పూర్వీకులకు అక్షరాన్ని నిరాకరించినవారిని నిందిస్తూనే మన బిడ్డలకు ప్రశ్నను నిరాకరిస్తున్నామని మాకు ఆలస్యంగా తెలిసింది.

వాదం మనకు కొత్త కాదు. భద్దా కుండలకేశ థేరి బౌద్ధ సంఘంలో చేరకముందు ఊరూరా ఇసుక కుప్పలో నేరేడు కొమ్మ నాటి, వాదించగలవారిని ఆహ్వానించేదట. మిలిందపఞ్హలో నాగసేనుడు రాజుకు ముందే ఒక షరతు పెడతాడు. పండితులు తమ మాట ఖండింపబడినా కోపించరు. రాజులైతే కాదన్నవానిని దండిస్తారు. కనుక పండితుని వలె మాట్లాడితేనే సంభాషణ. ఈ షరతే మా తరగతికి మొదటి నియమం. అక్కడ రాజులమంటే ఉపాధ్యాయులమైన మేమే.

ఎదుటివారు “ఔను, మేమన్నది ఇదే” అనేటట్లు వారి వాదాన్ని తిరిగి చెప్పిన తరువాతనే ఖండించాలి. సగం కాలం గడిచాక పక్షాలు మారాలి. కథలో లేని ఆధారం చెల్లదు.

పాలి జాతకాలలో చివరిదైన 547వ కథ వెస్సంతర జాతకాన్ని ఇట్లు చర్చకు పెట్టాము. పల్నాటి గోలి స్తూప శిల్పాలలో కూడా చోటు పొందిన కథ అది. దానపారమి కోసం వెస్సంతరుడు తన బిడ్డలు జాలిని, కణ్హాజినను జూజకుడనే బ్రాహ్మణునికి దానమిస్తాడు. తల్లి మద్ది అప్పుడు పండ్ల కోసం అడవికి వెళ్లి ఉంది. భయపడి కొలనులో దాగిన బిడ్డలను తండ్రే పిలిచి అప్పగిస్తాడు.

ఒక బాలిక లేచి, “ఆ ఇద్దరినీ ఎవరైనా అడిగారా?” అన్నది. తరగతి నిశ్శబ్దమైంది. వెనుక కూర్చున్న ఒక పెద్దాయన, “బోధిసత్త్వునే ముద్దాయిని చేస్తారా? మతం మారింది ఇందుకేనా?” అని నొచ్చుకున్నారు. ఆయన ఆవేదన అబద్ధం కాదు; ఎన్నో అవమానాలు దాటి చేరిన నీడ ఇది. ఆనాడు మేము సమాధానం చెప్పలేకపోయాము. మిలిందుడే ఈ దానాన్ని గురించి, బిడ్డల దుఃఖాన్ని గురించి నాగసేనుని నిలదీశాడని తరువాతి వారం గ్రంథం తెరిచి చూపాము. నాగసేనుని జవాబు అందరికీ తృప్తినివ్వలేదు. ఇవ్వాలని మేము పట్టుబట్టలేదు.

పక్షాలు మారినప్పుడు అదే బాలిక వెస్సంతరుని తరఫున నిలిచింది. ఆమె కథను మళ్లీ చదివి వచ్చింది. బిడ్డలను కొడుతూ తీసుకుపోతున్న జూజకుని వెంటాడి చంపాలని వెస్సంతరునికీ ఒక క్షణం అనిపించిందని, ఆ తలంపును అణచుకున్నాడని చూపి, “ఆయన రాతివాడు కాదు, నాకు కోపం పోలేదు కాని, ఇప్పుడు ఆయన కనిపిస్తున్నాడు” అన్నది. మేము పదిమార్లు చదివిన కథలో ఆ చోట ఎన్నడూ ఆగలేదు.

ఆ పెద్దాయన ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నారు. క్రితం వారం ఆయనే ఒక సంగతి ఎత్తారు: దాసదాసీలు కావాలని జూజకుని పంపిన భార్య అమిత్తతాపన కూడా, దాచమని ఇచ్చిన సొమ్ము వాడుకున్న తల్లిదండ్రులు దానికి బదులుగా అతనికి అప్పగించిన పిల్లే. ఆమె పక్షం ఎవరు వాదిస్తారని అడిగితే ఏడుగురు చేతులెత్తారు.