సముద్రతీరమున విడిది: గ్రామ పంచాయతీ చేయదగిన పనులు
(తీరగ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్తికమాసము సమీపించుచున్నది. ఆ నెలలో మన తీరగ్రామములకు ఎంత జనము వచ్చునో మీకు మేము చెప్పనక్కరలేదు. సోమవారములందును, పౌర్ణమినాడును సముద్రస్నానము, ఆదివారములందు సరుగుడు తోటలలో వనభోజనములు. బాపట్ల పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంక తీరమున ఆ దినములలో నిలుచుటకు చోటు దొరకదు. తూర్పుతీరము గనుక సూర్యోదయము సముద్రములోనుండియే కనిపించును. దానిని చూచుటకై ముందురాత్రియే వచ్చి, ఇసుకలో గుడారములు వేసికొని పరుండువారు కూడ ఇటీవల హెచ్చినారు. సూర్యలంకలో పర్యాటక శాఖవారి వసతి గృహములున్నవి. మీలో అనేకుల గ్రామములకు అట్టి వసతి లేదు. జనము మాత్రము వచ్చుచునే యున్నారు. వారికి మన ఊరు ఏమి ఏర్పాటు చేయగలదన్నదే నేటి మా ప్రసంగ విషయము.

మూడేండ్ల క్రిందట మేము ప్రచార కార్యక్రమముపై ఒక తీరగ్రామమునకు పోయితిమి. ఆ గ్రామము పేరు ఇచట చెప్పము. తీరమునకు పోవు దారిలో రంగుదీపముల స్వాగతద్వారము, సిమెంటు బల్లలు, రెండు ఊయలలు అమర్చి, దానికి ఉద్యానవనమని పేరు పెట్టియుండిరి. చూచి సంతోషించితిమి. ఆ మధ్యాహ్నము కళాశాల విద్యార్థులు ఆరుగురు స్నానమునకు దిగిరి. ఇద్దరు లోపలికి కొట్టుకొనిపోయిరి. కేకలు విని ఒక వృద్ధ మత్స్యకారుడు వలత్రాడు నడుమునకు చుట్టుకొని దూకి ఒకనిని లాగుకొని వచ్చెను. రెండవ బాలుని శరీరము మరునాటి ఉదయము దొరకినది. గాలి నింపిన లారీట్యూబు ఒకటి పంచాయతీ గదిలో ఉండెనట. గదికి తాళము వేసియున్నది. తాళపుచెవి గుమాస్తావద్ద నుండెను. గుమాస్తా పట్టణమునకు పోయియుండెను.

ఆ బాలుడు దిగిన చోటు గూర్చి కొంచెము చెప్పవలెను. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి సముద్రమునకు పోవుటకు దారి వెదకికొనును. ఇసుకమేటల నడుమ పల్లమున్నచోట ఆ నీరంతయు చేరి, ఇరుకైన కాలువవలె వేగముగా లోపలికి పోవును. అచట అలలు విరుగవు, నురుగుండదు. ఇరుప్రక్కల తెల్లని నురుగు, నడుమ కొంచెము నల్లగా, ప్రశాంతముగా కనిపించును. పట్టణమునుండి వచ్చినవాడు ఆ ప్రశాంతతను చూచి, ఇదియే క్షేమమైన చోటని అచటనే దిగును. పడవను అలలు దాటించుటకు ఆ సందు అనువైనది. స్నానమునకు అదియే మృత్యుముఖము. ఆ ప్రవాహము మనిషిని అడుగునకు ముంచదు, లోపలికి మాత్రము లాగుకొనిపోవును. దానికి ఎదురీదినవాడు అలసి మునుగును. ఎదురీదక, నీటిపై తేలుచు, ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈది, నురుగున్నచోటికి చేరినచో అలలే ఒడ్డునకు త్రోయును. ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరములతో వ్రాసిన పలక ఒకటి, మా దృష్టిలో, స్వాగతద్వారముకంటె ముందు నిలువవలసినది.

ఆ పల్లములు ఒకే చోట నిలువవు. ఇసుక కదలినకొలది అవియు మారుచుండును. కావున పలక నాటి ఊరకుండిన చాలదు. ప్రతి ఉదయము చూచి చెప్పగల కన్ను కావలెను. ఆ కన్ను మీ ఊరిలోనే ఉన్నది. సముద్రమునెరిగిన మత్స్యకారులనుండి ఇద్దరిని రద్దీ దినములకు కూలి యిచ్చి నియమింపుడు. వారికి ఈలలు, జెండాలు ఇండు. ఎర్రజెండా యున్నచో ఎవరును నీటిలో దిగరాదు. సగము ఎరుపు, సగము పసుపు గల జెండాలు రెండు పాతి, వాటి నడుమనే స్నానము చేయనిండు. అచట కాపలా కలదని ఆ రంగులకు లోకమంతట అర్థము. ఇంకొక సంగతి: పౌర్ణమికి, అమావాస్యకు ఆటుపోట్లు బలముగా నుండును. అనగా కార్తిక పౌర్ణమినాడు జనమును అధికము, నీటి కదలికయు అధికము. ఆ దినమున ఇద్దరు చాలరు, నలుగురు కావలెను.

ఇక విడిది. గుడారములను నీటియంచున వేయనీయరాదు. రాత్రి పోటు వచ్చి పరుపులు తడిపిన సందర్భములు మీరే ఎరుగుదురు. ఇసుకదిబ్బకు వెనుకతట్టున చదునైన చోటు చూపుడు. దిబ్బమీద మాత్రము వద్దు. అచట ప్రాకిన తీగలే ఇసుకను పట్టియుంచుచున్నవి. అవి త్రొక్కుడుపడినచో దిబ్బ పోవును, దిబ్బ పోయిన వెనుక ఉప్పెనకు అడ్డేమున్నది? ఇసుకలో మేకులు నిలువవు గనుక గోనెసంచిలో ఇసుక నింపి, త్రాడు కట్టి, మోకాలిలోతున పాతించవలెను. వంట సరుగుడు చెట్లక్రింద కూడదు. రాలిన ఎండుటాకు చమురువలె మండును. బయలు ఇసుకలో పొయ్యిలకు చోటు గుర్తించి, ప్రక్కన నీటితొట్టి ఉంచుడు.

త్రాగునీరు, మరుగుదొడ్లు ఈ రెండును ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుచుండును. చెలమలో చేతితో తోడుకొన్నంతకాలము అది తియ్యగనే యుండును. మోటారు పెట్టి లాగినచో ఉప్పు పైకి వచ్చును. అందుచేత రద్దీ దినములకు ట్యాంకరుతో నీరు తెప్పించుటయే మేలు. మరుగుదొడ్డి గుంట చెలమకు, బావికి నూరడుగుల లోపల ఉండరాదు. నీరు పైననే తగులు చోట గుంట త్రవ్వక, అడుగు మూసిన తొట్టిని అమర్చి తరువాత తీసివేయించుట మంచిది. స్త్రీలకు స్నానానంతరము బట్టలు మార్చుకొనుటకు తడికల గదులైనను వేయింపుడు. ఇది చిన్న విషయమని సభలో ఒకరు నవ్విరి. వారి యింటి ఆడవారిని అడిగి వచ్చి చెప్పుమని కోరుచున్నాము.

వినోదమునకు మనము పెద్దగా వ్యయము చేయనక్కరలేదు. ఇసుకలో చెడుగుడుకంటె మంచి ఆటస్థలము లేదు. వాలీబాలు వల ఒకటి, పిల్లలకు గాలిపటములు, సాయంత్రము ఊరి భజనబృందము చాలును. రాత్రివేళ ధ్వనివర్ధకములను, పెద్దదీపములను మాత్రము అదుపుచేయవలెను. జనవరి మొదలు మార్చివరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరమున గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టును; 45 మొదలు 60 దినములలో పిల్లలగును. ఆ పిల్లలు వెలుగున్న దిక్కునకు ప్రాకును. వెలుగు సముద్రముమీద నున్నచో నీటిలోనికి, మన దీపస్తంభమున నున్నచో ఊరిలోని కుక్కలనోటికి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటికి రక్షణ కల్పించినది.

కట్టడముల విషయమున తొందర వద్దు. తీరప్రాంత క్రమబద్ధీకరణకు 2019లో కేంద్రప్రభుత్వము చేసిన ప్రకటనలో గ్రామీణ తీరములందు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకొను గదులు, పాకలవంటి తాత్కాలిక వసతులకు అవకాశము కలదు. పక్కా కట్టడముల సంగతి వేరు. మీ తీరము ఏ తరగతిలో చేరినదో తహశీల్దారుగారి ద్వారా తెలిసికొని, అనుమతి పొందిన పిమ్మటనే పునాది త్రవ్వుడు. విశాఖపట్టణములోని రుషికొండ తీరమునకు 2020లో లభించిన నీలిపతాకపు గుర్తింపునకు 33 ప్రమాణములు కలవు. అవి నీటి శుభ్రత, పరిసరముల నిర్వహణ, పర్యావరణ విద్య, స్నానము చేయువారి రక్షణ అను నాలుగు తరగతులవి. స్వాగతద్వారమునకు ఒక తరగతి లేదు.

వాహనములు నిలుపు చోటికి రుసుము వసూలుచేసిన గ్రామములకు ఊడ్చువారి కూలి, కాపలావారి కూలి దానిలోనే వచ్చుచున్నది. లెక్క గ్రామసభలో చదివినచో ఇచ్చువారికిని అభ్యంతరముండదు.

కార్తికము తుపానుల కాలమని మరువవలదు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. వాతావరణ శాఖ హెచ్చరిక వెలువడిన వెంటనే విడిదిలోనివారిని లేపి పంపు బాధ్యత ఎవరిదో, వారు పోవలసిన భవనము ఏదో ముందే నిర్ణయింపుడు. ఊరిలో పేరెరుగని అతిథులు అర్ధరాత్రి ఎటు పోవలెనో ఎరుగరు.

పౌర్ణమికి పదునైదు దినముల ముందే సమావేశము జరిపి కాపలావారి పేర్లు వ్రాయుడు. నూరడుగుల త్రాడును, గాలి నింపిన ట్యూబులు రెండింటిని, పొడుగాటి వెదురుగడను తీరముననే ఒక గుంజకు వ్రేలాడదీయింపుడు. ఆ గుంజ బయలున ఉండవలెను. దానికి తాళము వేయవలదు.