‘గంగ్ హో’ అను మాట



ఇంగ్లీషు వాడుకలో ‘గంగ్ హో’ అను మాట యొకటి కలదు. ఏ పనికైనను ఉవ్విళ్లూరుచు ముందుకు దుముకువానిని గూర్చి ఆ మాట వాడుదురు. అది దస్తావేజులలో వ్రాయుమాట కాదు, చనువుగా మాటలాడుకొనునప్పటిది. మెప్పుగా పలుకవచ్చును, ముందువెనుకలు చూడని అత్యుత్సాహమును ఎత్తిపొడుచుటకును పలుకవచ్చును.

దాని పుట్టినిల్లు చీనా దేశము. జపాను దండయాత్రలో కర్మాగారములు కూలిపోయిన కాలమున, 1938లో, అచట పారిశ్రామిక సహకార సంఘములు వెలసినవి. న్యూజిలాండు దేశీయుడగు రూయీ ఆలీ స్థాపకులలో నొకడు. ఇల్లువాకిళ్లు కోల్పోయి వచ్చిన కాందిశీకులు వానిలో చేరి పనులు చేసికొనిరి. సైనికులకు దుప్పట్లు నేసిరి. ఆ సంఘముల పొడవైన చీనా పేరును కుదింపగా మిగిలిన రెండక్షరములే ఈ మాట. మొదటిదానికి పని యనియు, రెండవదానికి కూడిక యనియు అర్థము.

అమెరికా సేనాధికారి ఎవాన్స్ కార్ల్‌సన్ దానిని ఆలీవలన నేర్చి, 1942లో తన మెరీను దళమునకు నినాదముగా నొసగెను. 1943లో ఆ పేరుతో చలనచిత్రమును వచ్చెను. మాట నలుగురి నోట పడినది. కాని క్రమముగా ‘కూడిక’ జారిపోయి, ఉబలాటము మాత్రమే నిలిచినది.

మాటకు పట్టిన గతి సంఘములకును పట్టవచ్చును. గ్రంథాలయమును తెరచునాటి ఉత్సాహము అందరికిని ఉండును. ప్రతి సాయంకాలము తలుపు తీయుట, చిరిగిన పుస్తకమునకు అట్ట వేయుట, గడువులోపల పుస్తకము తిరిగి యిచ్చుట—ఇవి కూడి చేయవలసిన పనులు. ఇరువదియైదేండ్లు నిలిపినవి ఇవియే.