తానా సరస్సులోని ద్వీపమఠములు



ఆఫ్రికా ఖండమున, ఇథియోపియా దేశపు వాయవ్య భాగమందు, తానా అను మహాసరస్సు కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 1,800 మీటర్ల యెత్తున, 3,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన వైశాల్యముతో విస్తరించియున్నది. నీలి నైలు నది అందుండియే వెడలుచున్నది. తుంగజాతికి చెందిన పాపిరస్ కాడలతో కట్టిన ‘తంక్వా’ పడవలు నేటికిని ఆ నీటిపై తిరుగుచున్నవి.

ఆ సరస్సులోని దీవులందును, తీరముననున్న జెగే ద్వీపకల్పమందును ప్రాచీన క్రైస్తవ మఠములు పెక్కు గలవు. వానిలో కొన్ని 14వ శతాబ్దమున వెలసినవి. చుట్టునున్న నీరే వానికి కోటకందకమైనది. అందుచేత కల్లోలకాలములందు గ్రంథములను, పూజాద్రవ్యములను అచ్చట దాచుకొనిరి. దాగా ద్వీపమున కొందరు చక్రవర్తుల మృతదేహములు సైతము భద్రపరుపబడియున్నవి.

తెలుగునాట తాటాకు గ్రంథమునకు ఆధారమైనట్లు, అచ్చట మేకతోలు, గొఱ్ఱెతోలు ఆధారమైనవి. తోలును నాని, గీకి, ఆరబెట్టి, రెల్లుకలముతో నలుపు, ఎఱుపు సిరాలతో వ్రాసిరి. ఆ గ్రంథముల భాష గీజ్. అది జనుల వాడుకనుండి తొలగి, దేవాలయమునకు పరిమితమైనది. మరి చదువురాని వారికి ధర్మబోధ జరుగు మార్గమేది? గోడలే పుస్తకములైనవి.

అచ్చటి ఆలయములు పెక్కు గుండ్రని కట్టడములు. నట్టనడుమ గర్భాలయము, దానిలోనికి అర్చకులకు మాత్రమే ప్రవేశము. దాని వెలుపలి గోడలపై, గుడ్డపై చిత్రించి అంటించిన బొమ్మలు నిండియుండును. సజ్జనుని ముఖము రెండు కన్నులతో ఎదురుగా కనబడును. దుర్జనుని ముఖము ప్రక్కకు తిరిగి ఒకే కన్నుతో కనబడును. అక్షరము రాకున్నను భావము తెలియును.

అందు తఱచుగా కానవచ్చు కథ బెలాయ్ అను నరమాంస భక్షకునిది. వాడు ఒకనాడు దప్పిగొన్న కుష్ఠరోగికి, మరియమాత పేరిట గుక్కెడు నీరు పోసెను. తీర్పుదినమున త్రాసులో వాని పాపరాశికంటె ఆ నీరే మరియమాత దయచే బరువైనదని కథ.

అయినను ఒక విచారము గలదు. దాగా, కెబ్రాన్ దీవుల మఠములలో స్త్రీలకు ప్రవేశము లేదు. 18వ శతాబ్దమున నార్గా సెలాస్సీ ఆలయమును కట్టించినది మెన్తెవాబ్ రాణి. ఆ ఆలయపు గోడపై, మరియమాత పాదములచెంత సాగిలపడినట్లుగా ఆమె రూపమును చిత్రించిరి. కట్టించు చేయి స్త్రీది కావచ్చును. కాని కొన్ని వాకిళ్లు ఆమె జాతికి నేటికిని మూయబడియేయున్నవి.

1960వ దశకము చివర పండితుడు ఎర్న్‌స్ట్ హామర్‌ష్మిట్ ఆ మఠముల గ్రంథములను సూక్ష్మచిత్రములుగా తీసి, దూరదేశముల పండితులకు అందుబాటులోనికి తెచ్చెను. నీరు గ్రంథమును కాపాడెను. ప్రతి దానిని పదిమందికి చేర్చెను. ఈ రెండును కూడినపుడే గ్రంథాలయము పరిపూర్ణమగును. అలమారలో భద్రముగానున్న గ్రంథము దాచిన నీరు. పాఠకుని చేతికందిన గ్రంథము దప్పిగొన్నవానికి పోసిన గుక్కెడు నీరు. త్రాసులో బరువు తూగునది రెండవదియే.