పాదములు కడిగిన వైద్యుఁడు



ఈ వార్షిక మహాసభలో విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము నిలువనీడ లేనివారిని గూర్చియు, వారికి శుశ్రూష చేసిన ఒక నర్సును గూర్చియు, ఆమెయొద్ద నేర్చుకొన్న ఒక వైద్యుని గూర్చియు విన్నవింపఁదలఁచితిమి. అంతకు ముందు మా తప్పిదము నొకదానిని ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని యేఁడుల క్రిందట మన సత్రపు అరుగుమీఁద ఒక ముసలివాఁడు పండుకొనుచుండెడివాఁడు. ఆతని కాలిపుండు చూచి మేము ఆసుపత్రికిఁ బంపి, పుణ్యము చేసితిమనుకొంటిమి. కొలఁది దినములకే ఆతఁడు కట్టు కట్టిన కాలితో, చేత చీటితో, ఆ అరుగుమీఁదికే తిరిగి వచ్చెను. చీటిలో నున్నదేమి? కాలు క్రింద మోపరాదు, కట్టు తడవరాదు, వేళకుఁ దిని మందు పుచ్చుకొనవలెను. అది శ్రావణమాసము. అరుగుమీఁద జల్లు కొట్టుచుండెను. మఱునాఁడు లోపల పెండ్లి. కావలివాఁడు ఆతనిని లేపి పంపివేసెను. మేము చూచుచునే యుంటిమి. ఆతని పేరైనను అడుగలేదు. చీటి వ్రాసిన వైద్యుని తప్పేమియు లేదు. దానిని పాటించుటకు ఆ వృద్ధునికి చోటు లేదు.

ఈ చిక్కునే అమెరికాలోని బోస్టను నగరమున కొందఱు తమ చిక్కుగాఁ దలఁచిరి. అచ్చట పైన్ స్ట్రీట్ ఇన్ అను శరణాలయము 1969లో వెలసినది. అందు నర్సులే చికిత్సాలయము నడపుచుండిరి. వారిలో బార్బరా మెకినిస్ అను నామె ముఖ్యురాలు. 1985లో ఆ నగరమున గృహహీనులకై వైద్యసంస్థ యొకటి యేర్పడఁగా, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శిక్షణము ముగించుచున్న జేమ్స్ ఓకానెల్ అను వైద్యుని ఒక్క యేఁడు దానియందుఁ బనిచేయుమని పెద్దలు కోరిరి. క్యాన్సరు వైద్యమున విశేషాభ్యాసము చేయఁదలఁచియున్న యాతఁడు, ఒక్క యేఁడే గదా యని యొప్పుకొనెను. ఆ యొక్క యేఁడు దశాబ్దములయ్యెను.

మెడలో స్టెతస్కోపుతో వచ్చిన యాతనిని మెకినిస్ నిలిపి, దానిని సంచిలోఁ బెట్టుమనియు, మొదట వచ్చినవారి పాదములు కడుగుమనియుఁ జెప్పెను. తొట్టిలో గోరువెచ్చని నీరు, రోగి కుర్చీమీఁద, వైద్యుఁడు నేలమీఁద. పెండ్లిలో అల్లుని కాళ్లు కడుగుటయు, వచ్చిన చుట్టమునకు కాళ్లకు నీళ్లిచ్చుటయు ఎఱుఁగని యిల్లు మనలో లేదు. కాని వీధిలోఁ బడియున్నవాని కాళ్లు కడుగవలెనని మనలో నెవరికిఁ దోఁచినది?

ఇందు వైద్యమర్మమును గలదు. పగలెల్ల నడచి రాత్రి కూర్చుండియే నిద్రించువారికి కాళ్లలో నీరు దిగి వాచును. తడిసిన మేజోళ్లు మార్చుకొను వీలులేక చర్మము చివుకును. బోస్టను చలికి కాలివ్రేళ్లు గడ్డకట్టి చచ్చును. పాదము చూచినవానికి రోగి బ్రదుకు తెలియును. అంతకు మించినది నమ్మకము. ఆసుపత్రిలో మందు వలదని పలుమాఱులు నిరాకరించిన వృద్ధుఁడొకఁడు, వారముల తరబడి ఓకానెల్ చేత వాచిన కాళ్లు కడిగించుకొని, వైద్యుఁడవై యుండియు ఈ పని చేయుచున్నావేమని వింతపడి, పిమ్మటఁ దానే మందడిగెనఁట.

పైని మేము చెప్పిన చీటిచిక్కునకును వారు త్రోవ కనుఁగొనిరి. ఆసుపత్రిలో నుంచుకొనవలసినంత జబ్బు లేకున్నను వీధిలోఁ గోలుకొనలేని వారికై 1985లోనే ఒక శరణాలయమున 25 మంచములు వేసిరి. 1993లో వేఱు భవనము సమకూడఁగా దానికి మెకినిస్ పేరు పెట్టిరి. ఆమె 2003లో గతించినది. 2008లో ఆ గృహము 104 మంచములు గల నూతన భవనమునకు మాఱినది. ఓకానెల్ రాత్రివేళల శరణాలయపు వ్యానులో, సూపును దుప్పట్లును పంచువారితోఁ గూడి, వీధులవెంటఁ దిరిగి రోగులను జూచెను.

ఇంత చేసినను వారు గెలిచితిమని చెప్పుకొనలేదు. ఆ సంస్థవారు చూచిన గృహహీనులలో మృతినొందినవారి సగటు వయస్సు 47 ఏఁడులని 1997లో ప్రకటింపఁబడిన పరిశోధనము తెలిపినది. దయగల చేయి పుండును మాన్పఁగలదు, వానను ఆపఁజాలదు. దానికి ఇల్లే కావలెను.

బోస్టను మనకు దూరమనుకొనవలదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకుఁ బైగా తేలిరి. అందఱికి ఇండ్లు కట్టుట ఒక సంఘమునకు తరము గాదు. కాని మన సత్రమున పెండ్లిసామగ్రి దాఁచుకొను గదులు రెండున్నవి. వానిలో నాలుగు మంచములు, ఒక నీటితొట్టి, జీతముమీఁద ఒక నర్సు, ఇంతవఱకు మనకుఁ దరమే. ఆసుపత్రినుండి చీటితో వచ్చినవానిని కులమేమని యడుగక, కాలు మానువఱకు ఉండనిత్తము. పెండ్లిదినమునను లేపకుందము. ఈ మేరకు తీర్మానమొకటి కార్యదర్శిగారికి ఒసఁగియున్నాము. దానిని మహాజనులు అంగీకరింపఁ బ్రార్థన.

ఆ ముసలివాఁడు మరల మన అరుగునకు రాలేదు. ఆతని పేరు మాకు నేఁటికిని తెలియదు. ఇఁక వచ్చువాని పేరైనను అడిగి లోనికిఁ బిలుతము.