మందుల కర్మాగారములలో కార్మికుని ప్రాణరక్షణ



రైల్వే ఆసుపత్రిలోను, కేంద్ర ప్రభుత్వ డిస్పెన్సరీలోను మన చేతికందే మందులలో అనేకము హైదరాబాదు పరిసరములలో తయారైనవే. 2020 లాక్‌డౌన్ కాలములో పార్సెల్ రైళ్లలోను, తపాలా సంచులలోను మందులను ఊరూరికి చేరవేసినది మనమే. కనుక ఈ పరిశ్రమను గూర్చి మాట్లాడుట మనకు పరాయి పని కాదు.

కొందరు పెట్టుబడిదారుల సాహసము వలననే ఈ పరిశ్రమ వెలసినదని తరచు వినుచున్నాము. మేము అంగీకరింపజాలము. 1961లో కేంద్ర ప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. సంస్థను నెలకొల్పినది. సోవియట్ సహాయముతో ఋషీకేశములో యాంటీబయాటిక్ మందులకు, హైదరాబాదులో కృత్రిమ ఔషధములకు, మద్రాసులో శస్త్రచికిత్సా పరికరములకు కర్మాగారములు వెలసినవి. హైదరాబాదు కర్మాగారములో పని నేర్చినవారు తరువాత సొంత సంస్థలు స్థాపించిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్ ప్రారంభించిన కల్లం అంజిరెడ్డిగారు వారిలో ఒకరు. 1972లో అమలులోకి వచ్చిన పేటెంట్ల చట్టము మందుకు గాక, తయారీ విధానమునకు మాత్రమే పేటెంటు ఇచ్చినది. వేరొక విధానముతో అదే మందును చౌకగా చేయుటకు 2005 వరకు ఆ చట్టమే దారి చూపినది. ఇందరికి విద్య నేర్పిన ఐ.డి.పి.ఎల్.ను మూసివేయుటకు 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము నిర్ణయించినది!

తరువాత జినోమ్ వ్యాలీ వచ్చినది, టీకాలు వచ్చినవి, విశాఖలో వైద్య పరికరముల మెడ్‌టెక్ జోన్ వచ్చినది. సంతోషమే. కాని అక్కడ పనిచేయువాని సంగతి ఏమి?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురములోని ఔషధ కర్మాగారములో కారిన ద్రావకము ఆవిరియై, నిప్పంటుకొని పేలినది. 17 మంది మరణించిరి. 2025 జూన్ 30న పాశమైలారములో, మాత్రలలో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేయు కర్మాగారము పేలి 40 మందికి పైగా మరణించిరి. పొట్ట చేత పట్టుకొని పరరాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు వారిలో అనేకులు. కొందరి శరీరములను డి.ఎన్.ఎ. పరీక్షతో గాని గుర్తింపలేకపోయిరి.

రైలు పట్టాలు తప్పి ప్రాణనష్టము జరిగినచో రైల్వే భద్రతా కమిషనరు విచారణ జరుపునని మన గ్యాంగ్‌మన్ సోదరునికి కూడ తెలియును. ఆ కమిషనరు రైల్వే బోర్డుకు లోబడినవాడు కాడు. పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రింద ఉండును. ఈ ఏర్పాటులో లోపములు లేవని మేము అనము. అయినను విచారించువాడు వేరు, నడుపువాడు వేరు అను సూత్రము అందున్నది. మందుల కర్మాగారము పేలినప్పుడో, ప్రతిసారి కొత్త కమిటీ వేయవలసివచ్చుచున్నది.

అందుచేత మేము కోరునది ఇది. రసాయన, ఔషధ కర్మాగారముల ప్రమాదములకు స్వతంత్రమైన శాశ్వత విచారణాధికారి ఉండవలెను. ఆయన నివేదికను తెలుగులోను, హిందీలోను, ఒడియాలోను కర్మాగారపు గేటు వద్ద అతికించవలెను. కాంట్రాక్టు కూలీ పేరు కూడ ప్రతి షిఫ్టులో ప్రధాన యాజమాన్యపు హాజరు పట్టీలో ఉండవలెను. ప్రమాదము జరిగిన రాత్రి లోపల ఎందరున్నారో చెప్పుటకు ఆ పట్టీయే ఆధారము.