సైన్యం కదలికలు – మన చేతిలో ఫోను
(సింధనూరులో జరిగిన ఉపకార వేతనముల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి చెప్పడానికి నాకంటె అర్హులు ఈ వేదికపై ఉన్నారు. నేను బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నేను చేసిన ఒక పొరపాటు గురించి మాత్రం చెప్పగలను.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ చేపట్టింది. ఆ రోజుల్లోనే మా వీధిలో పి.యు.సి. చదివే కుర్రాడు రాయచూరు స్టేషన్లో ఆగిన మిలిటరీ గూడ్సును ఫోనులో వీడియో తీశాడు. ఏ తేదీనో, బండి ఎటు పోతోందో ఇప్పుడు కూడా చెప్పను. టార్పాలిన్లు కప్పిన బండ్లు, వెనుక దేశభక్తి పాట. చూసి నాకు ఒళ్ళు పులకరించింది. దాన్ని మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఆ కుర్రాడు కాదు, నేనే.

పది నిమిషాలకు మన క్యాంపుల్లోని ఒక తల్లి ఫోన్ చేసింది. ఆమె కొడుకు జవాను. "అన్నయ్యగారూ, మావాడు ఎక్కడున్నాడో కన్నతల్లిని, నాకే చెప్పలేదండీ. మీరు అందరికీ చూపిస్తున్నారే" అంది. నాకు నోట మాట రాలేదు.

పెద్దలకు గుర్తుండే ఉంటుంది. జవానుకు ఉత్తరం రాస్తే చిరునామాలో ఊరి పేరుండదు. నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఎ.పి.ఓ. అంతే. మా కౌంటరు దగ్గర ఒక ముసలాయన "ఈ యాభైయారు ఏ జిల్లాలో ఉందయ్యా?" అని అడిగాడొకసారి. అందరం నవ్వాం. సైన్యం ఎక్కడుందో కవరు మీద కూడా కనబడకూడదని చేసిన ఏర్పాటది. అంత జాగ్రత్తనూ నేను ఒక్క వేలితో దాటేశాను.

బ్యాంకులో మేమూ ఈ నియమం పాటించినవాళ్ళమే. కరెన్సీ చెస్టు నుంచి నగదు తెచ్చే రోజు, బయలుదేరే వేళ ఇంట్లో కూడా చెప్పేవాళ్ళం కాదు. "భోజనానికి వస్తారా?" అంటే "చూద్దాం" అనడమే.

"ఒక్క వీడియోతో ఏమవుతుంది తాతగారూ?" అన్నాడు ఆ కుర్రాడు. ఒక్క వోచరు చూస్తే ఏమీ తెలియదు నాయనా. సాయంత్రం అన్నీ కలిపి డేబుక్ రాస్తే బ్రాంచి పరిస్థితంతా తెలుస్తుంది. ఆ వీడియోలో స్టేషన్ బోర్డుంది. పెట్టిన సమయం ఫోనే చెబుతుంది. వ్యాగన్లు లెక్కపెట్టవచ్చు. ఇంజను ఎటు ఉందో చూస్తే దిక్కు తెలుస్తుంది. తరువాతి స్టేషన్లో ఇంకొకడు తీస్తే బండి వేగం కూడా తేలుతుంది. "వాళ్ళకు ఉపగ్రహాలున్నాయి కదా" అని కూడా అన్నాడు. మంచి ప్రశ్నే. కాని ఉపగ్రహం తన వేళకు వచ్చి పోతుంది. ఫోను ప్రతి రైల్వే గేటు దగ్గరా ఉంది.

ఇది నా ఊహ కాదు. 2008 నవంబరులో ముంబైపై దాడి జరిగినప్పుడు కమాండోలు హెలికాప్టరు నుంచి నారిమన్ హౌస్ పైకి దిగడం టీవీలో ప్రత్యక్షంగా చూపించారు. దాడి చేయిస్తున్నవాళ్ళు టీవీ చూస్తూ తమవాళ్ళకు ఫోనులో సూచనలిచ్చారు. 2012 తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగా తప్పుబట్టింది. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇచ్చిన సూచనలో కార్గిల్, కాందహార్ సంఘటనలతో పాటు ఇదీ ఉదహరించారు. సోషల్ మీడియా వాడేవారికీ ఆ సూచన వర్తిస్తుందని అందులోనే ఉంది. పేపర్లో చదివి కూడా వీడియో పెట్టానంటే ఏమనాలి!

విశాఖపట్నం సంగతి వేరే రకం. 2019 డిసెంబరులో నౌకలు, జలాంతర్గాముల కదలికలు పాకిస్తాన్‌కు చేరవేశారన్న అభియోగంపై ఏడుగురు నావికులను ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ళ పేర్లతో పరిచయం చేసుకుని వల వేశారట. ఆ నెలలోనే నౌకాదళం తన సిబ్బందికి ఫేస్‌బుక్ నిషేధించింది. స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లూ వద్దంది. అక్కడ డబ్బు, ఆశ ఉన్నాయి. మన దగ్గర ఉన్నది ఉత్సాహమే. చూసేవాడికి ఆ తేడా అక్కర్లేదు.

విద్యార్థులు ఇది వినాలి. స్ట్రావా అని, పరుగెత్తిన దారిని నమోదు చేసే యాప్ ఉంది. ఆ కంపెనీ 2017 నవంబరులో అందరి పరుగులూ కలిపి ప్రపంచ పటం విడుదల చేసింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన 20 ఏళ్ళ విద్యార్థి ఆ పటంలో సైనిక స్థావరాలు వెలుగుతున్నాయని గమనించాడు. రోజూ వ్యాయామం చేసిన సైనికులే తెలియక గీసిన గీతలవి. మీ వయసువాడే, చూసే కన్ను ఉంది కాబట్టి చూశాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. కొడుకు సెలవు ముగిసి ఏ బండికి పోతున్నాడో, ఏ యూనిట్లో చేరుతున్నాడో ఫోటోతో స్టేటస్ పెట్టకండి. ఫోటో దాచుకోండి, ఆల్బంలో పెట్టుకోండి. సైన్యం తానే విడుదల చేసినవి, గణతంత్ర దినోత్సవ కవాతు ఎంతైనా పంచుకోండి.

నా వీడియోను వెంటనే తీసేశాను. కాని అప్పటికే ముగ్గురు వేరే గ్రూపులకు పంపేశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలాను. ఇద్దరు తీసేశారు. మూడో ఆయన "అయిపోయిందిగా, వదిలేయండి" అన్నారు.

ఆ తల్లి ఈ సభకు వచ్చారు, వెనుక వరుసలో ఉన్నారు. వారి చిన్నమ్మాయి పేరు ఈనాటి జాబితాలో ఉంది. ఇక పేర్లు పిలవవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.